బరంపురం పట్టు మగ్గం దగ్గరే కొనండి, అక్టోబరు గడువు మాత్రం పెట్టుకోకండి

అయిదుకి నాలుగు స్టార్లు. తగ్గించిన ఆ ఒక్కటీ నేయించిన పెళ్లి చీరకి కాదు, చెప్పిన తేదీకి ఇవ్వనందుకు. అందులోనూ సగం తప్పు బంగాళాఖాతానిదే.

ఇది షాపు కాదు, ఒడిశా బరంపురంలో దేశిబెహరా వీధి చుట్టుపక్కల సందుల్లో ఒక నేతవాళ్ల ఇల్లు. బోర్డు లేదు. ఫోన్ నంబరు ఎక్కడా పెట్టొద్దన్నారు, "ఉన్నవి రెండు మగ్గాలు, అందరూ ఒక్కసారే మీద పడితే ఎవరికి నెయ్యమంటావమ్మా" అని. అందుకే పేరు రాయడం లేదు, కామెంట్లలో అడగొద్దు. ఆ వీధుల్లోకి వెళ్లి మగ్గం ఉన్న ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు, తెలుగులోనే అడగొచ్చు. ఈ నేతవాళ్ల పెద్దలు ఈ ప్రాంతపు మహురి రాజుల పిలుపు మీద రాజమండ్రి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారని చెప్తారు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, బేరం దగ్గరికొచ్చేసరికి రెండూ కలిపి. రెండేళ్లకోసారి చైత్రంలో ఠాకురాణీ జాతర జరిగినప్పుడు ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణి పుట్టింటికి వచ్చినట్టు ఈ వీధికే వస్తుంది, దేశిబెహరా అంటే ఈ నేతవాళ్ల పెద్ద, అమ్మవారికి తండ్రి వరస. జాతర నడిచినన్నాళ్లూ చీర ఎంతవరకు వచ్చిందని ఫోన్ చెయ్యకండి, ఎవరూ ఎత్తరు.

అంత సందులోకి వెళ్లి కొనాల్సిన అవసరమేంటి, ఏసీ షోరూముల్లో దొరకదా అంటే, దొరుకుతుంది. మా ఆడపడుచు అలాగే ఒక పెద్ద షోరూములో (ఏ ఊరో కూడా చెప్పను) బరంపురం పట్టు అని కొన్నది. చూడ్డానికి అంచంతా గుడి శిఖరాల వరస, అదే ఫోడా కుంభ డిజైను, దూరం నుంచి చూస్తే నేను కూడా నమ్మేదాన్ని. ఇంటికొచ్చాక కొంగు చివర వేలాడే దారం ఒకటి తెంపి అగ్గిపుల్ల ముట్టిస్తే నల్లగా కరిగి గట్టి పూసలా ముద్ద కట్టింది. అసలు పట్టయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలిపితే పొడైపోతుంది. షోరూములో కొనేవాళ్లు సిల్క్ మార్క్ లేబుల్ ఉందా లేదా చూసుకోండి, కానీ ఆ లేబుల్ పట్టు అసలుదని చెప్తుంది గానీ అది చేత్తో నేసిందా, బరంపురంలో నేసిందా అన్నది చెప్పదు. ఈ పట్టుకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉన్నా, అమ్మేవాడు నోటితో బరంపురం అంటే ఆపేవాడెవడు? మగ్గం మీద సగం అయిన చీర కళ్లతో చూసి కొంటే ఈ గొడవ లేదు.

ఆ సగం చీర చూసిన సంగతి కాస్త వివరంగా చెప్పాలి. గుంట మగ్గం, మావయ్య (ఆ ఇంటి నేతాయన్ని అలాగే పిలుస్తాను) నేలమీద అంచున కూర్చుని కాళ్లు గుంతలోకి వేలాడేసుకుంటాడు, తొక్కుడు చెక్కలు కింద ఉంటాయి. చీర ఒళ్లంతా వంకాయ రంగు, అంచు పసుపు. ఒళ్లు ఒక రంగు, అంచు ఇంకో రంగు అయితే ఒక్క నాడెతో (అడ్డ దారాన్ని ఇటూ అటూ తీసుకెళ్లే పడవలాంటి కర్ర ముక్క) కుదరదు, ఈ ఇంట్లో మూడు నాడెలతో నేస్తారు, కుడి పక్క అంచు నాడె తోయడానికి వాళ్ల అబ్బాయి కూర్చోవాలి. ఇద్దరూ మాట్లాడుకోరు, మావయ్య "ఊఁ" అంటాడు, అబ్బాయి తోస్తాడు. కుంభం ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా అంచు రంగు పేక (అడ్డ దారం) ఒళ్లు రంగులోకి కాస్త ముందుకి పాకి, మళ్లీ వెనక్కి తగ్గుతుంది, ఆ రెండు రంగులూ కలిసేచోట చిన్న ముడి పడుతుంది. చీర తిరగేసి ఆ గీత మీద వేలు పెట్టి నిమరండి, సన్నటి గరుకు తగులుతుంది. మా ఆడపడుచు చీరకి వెనక అక్కడ కత్తిరించిన దారపు కొసలు కుచ్చులుగా ఉన్నాయి, అంటే అది ఇలా నేసింది కాదు.

జరీ విషయంలో మావయ్య సూటిగా చెప్తాడు. "అసలు వెండి జరీ కావాలంటే రేటు వేరు, ఇది రాగి మీద వెండి పూత, ఇంతే" అని. సూరత్ నుంచి వస్తుందట, పట్టు దారం బెంగళూరు వైపు నుంచి. ఈ మాట చెప్పే షోరూమువాడు నాకింతవరకు తగల్లేదు. చీర పదిహేను వేలకి కాస్త లోపు పడింది, బేరం పెద్దగా లేదు. పెళ్లికొడుక్కి జోడా, అంటే పంచె, కండువా, కూడా ఇక్కడే చెప్పాను, అది చీర కంటే ముందే వచ్చేసింది, బాగుంది, దాని గురించి ఇంకేం లేదు.

ఇక గడువు. కార్తీకంలో పెళ్లి, దసరా అయ్యాక ఇచ్చేస్తానన్నాడు. గంజాం జిల్లాలో పుట్టి పెరిగినవాళ్లెవరూ అక్టోబరు మీద మాట ఇవ్వకూడదు, తీసుకోకూడదు. 1999 అక్టోబరు మధ్యలో ఒక తుపాను గోపాల్‌పూర్ దగ్గర కొట్టింది, ఆ నెలాఖర్లోనే మహా తుపాను పారాదీప్ వైపు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, గాలి గంటకి 200 కిలోమీటర్లు దాటి. మళ్లీ ఏడాది అదే తేదీకి హుద్‌హుద్ విశాఖ మీద పడింది. 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర దాటి అటు సిక్కోలు, ఇటు గజపతి, గంజాం రెండింటినీ ముంచింది. గోపాల్‌పూర్ మాకు పదిహేను కిలోమీటర్ల చిల్లర, కాబట్టి టీవీలో మ్యాపు మీద ఆ చక్రం తిరగడం మొదలెట్టగానే ఇక్కడ కొవ్వొత్తులు, బిస్కెట్లు, బంగాళాదుంపలు కొనడానికి లైన్లు కట్టేస్తారు.

ఈసారి అంత పెద్దది రాలేదు, వాయుగుండం, వదలని ముసురు. కానీ గుంట మగ్గానికి అదే చాలు. నేల చెమర్చి గుంతలో నీళ్లు ఊరాయి. ఫోన్ చేస్తే "ఏటి చెయ్యమంటావమ్మా, చెంబుతో తోడతంటే ఊరిపోతన్నాయి" అన్నాడు. నాకేమో టెన్షన్, వెళ్లి చూస్తే నిజమే, గుంత గోడ మీద జానెడు ఎత్తున తడి గీత, లోపల పాతకాలం బల్బు ఒకటి వైరుకి వేలాడదీసి ఆరబెడుతున్నారు. చెమ్మకి పడుగు దారం (మగ్గం మీద నిలువుగా సాగదీసి కట్టిన దారం) సడలిపోతుంది, బలవంతంగా నేస్తే ఒక చోట వదులు, ఒక చోట బిగువు వచ్చి చీర కడితే తెలిసిపోతుంది. జరీకైతే ఉప్పుగాలి అసలు పడదు, నల్లబడుతుంది. ఆయన దాని మీద ఒక పాత దుప్పటి, దుప్పటి మీద ప్లాస్టిక్ షీటు కప్పి ఉంచాడు. ఫైలిన్‌కి పెంకులు లేచిపోతే అప్పటికి మగ్గం మీదున్న పడుగు మొత్తం చుట్టేసి అటక మీదకి ఎక్కించి, ఇంటిల్లిపాదీ పక్కవాళ్ల డాబాలోకి వెళ్లారట. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. మగ్గానికి కరెంటు అక్కర్లేదు గానీ ఆ గదిలో వెలుతురు లేకుండా వంకాయ రంగు ఏదో నలుపు ఏదో తెలీదు.

ఇదంతా అర్థం చేసుకున్నా స్టారు ఎందుకు తగ్గించానంటే, ముసురు పట్టిన మొదటి రోజే ఆయనే ఫోన్ చేసి చెప్పాల్సింది. నేను చేస్తే గానీ చెప్పలేదు. చీర చివరికి పెళ్లికి సరిగ్గా ముందు వచ్చింది, జాకెట్టు కుట్టించే టైము లేక ఇంట్లో ఉన్నదేదో వేసి సరిపెట్టాం. ఫొటోల్లో పెళ్లికూతురి చీర కంటే జాకెట్టే ముందు కనిపిస్తోందని అత్తగారు ఇప్పటికీ అంటున్నారు.

ఒక మంచి మాట కూడా చెప్పాలి. ఆలస్యమైందని ఆయన రేటు తగ్గించలేదు, నేనూ అడగలేదు, కానీ అత్తమ్మ (మావయ్య భార్య) వెళ్లినప్పుడల్లా వీధి చివర బండి నుంచి టిఫిన్ తెప్పించేది. బయట ఊరి నుంచి వచ్చేవాళ్ల కోసం చెప్తున్నా, ఇక్కడ ఇడ్లీకి, వడకి చట్నీ అడిగితే సరిపోదు, మీద ఘుగుని పోయించుకోండి, ఎండు బటానీల కూర, ఉల్లిపాయ ముక్కలు చల్లి ఇస్తారు. ఉప్మా మీద కూడా పోస్తారు. మా విజయనగరం చుట్టాలు మొదటిసారి మొహం చిట్లించి, రెండో ప్లేటు అడిగారు. చీరలకి వచ్చినవాళ్లు పెద్ద బజారులో అప్పడాలు, పచ్చళ్లు కొనకుండా వెళ్లరు ఎలాగూ.

కారులో వెళ్తే సందు మొదట్లోనే వదిలెయ్యండి, లోపలికి ఆటో కూడా కష్టమే. కార్డు లేదు, ఫోన్‌పే ఉంది. మార్చి ఇవ్వడం, వెనక్కి తీసుకోవడం లేవు, రంగు దారం పోగులు చూసి పగటి వెలుతుర్లో ఎంచుకోండి, సాయంత్రం వద్దు. అడ్వాన్సు ఇచ్చినప్పుడు తేదీ కాగితం మీద రాయించుకోండి. పెళ్లి కార్తీకంలోనో మార్గశిరంలోనో అయితే ఉగాదికే ఆర్డరు చెప్పి వినాయక చవితి లోపు తెచ్చేసుకోండి, ఆ ఏడు జాతర ఉంటే ఇంకా ముందే. జాకెట్టు ముక్క విడిగా నేయించమని మొదటే అడగండి, అడక్కపోతే ఇవ్వరు.