రంగు కడ్డీల పెట్టె: ఒకటో తరగతిలో వారం లెక్కల పాఠాలకు ఎంతవరకు పనికొస్తుంది?

మూత తీస్తే 74 కడ్డీలు. పొడవు 1 సెం.మీ. నుంచి 10 సెం.మీ. దాకా పది రకాలు. వెడల్పు, మందం అన్నిటికీ 1 సెం.మీ. పొట్టివాటి నుంచి పొడుగువాటి దాకా వరసగా చెబితే, తెల్లవి 22, ఎర్రవి 12, చిలకపచ్చవి 10, ఊదావి 6. ఆపైన పసుపు, ముదురాకుపచ్చ, నలుపు, గోధుమ రంగు, నీలం, నారింజ తలా 4. క్విజనేర్ కడ్డీలంటే ఇవే. బెల్జియంలో బడిపంతులుగా పనిచేసిన జార్జ్ క్విజనేర్ తన విద్యార్థుల కోసం వీటిని చేసి, 1952లో వీటి మీద చిన్న పుస్తకం వేశారు. ఇప్పుడు చెక్కలోనూ ప్లాస్టిక్‌లోనూ రకరకాల పేర్లతో దొరుకుతున్నాయి.

పదిలోపు సంఖ్యలు ఒకదానిలో ఒకటి ఎలా ఇముడుతాయో చూపించడానికి దీన్ని మించిన సామాను అరుదు. వస్తువులు ఎంచడం నేర్పడానికైతే దండగ, దానికి గుండీలు చాలు. నల్ల కడ్డీని చూస్తే ఏడు వస్తువులు కనబడవు, ఒక నిడివి కనబడుతుంది. ఒకటి, రెండు, మూడు అంటూ వేళ్లు ముడుచుకునే పిల్లవాణ్ని "ఇది దానికన్నా ఇంత తక్కువ" అని చూసేలా చేసేది ఆ నిడివే. అలా చూడడం అలవాటవడానికి వారం పడుతుంది. మొదటి పీరియడ్‌లోనే "తెలుపు ఒకటి, ఎరుపు రెండు" అని పట్టిక వల్లె వేయిస్తే మాత్రం నెలకైనా అలవాటవదు. రంగుల్ని అంకెలకు మారుపేర్లుగా బట్టీపట్టేసి కడ్డీని చూడడమే మానేస్తారు.

పెట్టె చేతికి రాగానే చేయాల్సిన పని ఒకటుంది. స్కేలును గోడలా ఆనించి పది తెల్లవాటిని వరసగా పేర్చండి, పక్కన నారింజ కడ్డీ పెట్టండి. కొసలు కలవాలి. ఐదు ఎర్రవి, రెండు పసుపువి పెట్టినా అంతే. రంగు పూసిన చౌక చెక్క కడ్డీల్లో ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కోసిన ప్రతి కొసమీదా 0.1 మి.మీ. పూత ఉందనుకోండి. పది తెల్లవాటికి ఇరవై కొసలు, అంటే 2 మి.మీ. అదనం. నారింజకు రెండే కొసలు, అదనం 0.2 మి.మీ. తేడా దాదాపు 2 మి.మీ., ఆరేళ్ల పిల్లకు స్పష్టంగా కనబడేంత. "పది తెల్లవే పెద్దవి టీచర్" అంటుంది, ఆ పిల్ల కంటికి అది నిజమే కూడా. అలాంటి పెట్టెను వెనక్కి పంపేయడం మేలు. రెండు కంపెనీల పెట్టెలు కలపడం కూడా తప్పే. కొలతలు వెంట్రుకవాసి తేడాగా ఉంటాయి, కొన్నింట్లో ఏ పొడవుకు ఏ రంగు అన్నదే వేరు.

అంకెలు అచ్చువేసిన కడ్డీలు, ప్రతి సెంటీమీటరుకు గాడి కొట్టిన కడ్డీలు కూడా అమ్ముతారు. చూడగానే సౌకర్యంగా అనిపిస్తాయి. కానీ గాడి ఉంటే పిల్లలు గాళ్లు ఎంచుకుంటూ కూర్చుంటారు, ఏ అలవాటు వదిలించాలని కొన్నామో దానికే తిరిగొస్తారు. నున్నటివే తీసుకోండి.

30 మంది తరగతికి ఇద్దరికొకటి చొప్పున 15 పెట్టెలు, 1110 కడ్డీలు. నలుగురికి ఒక పెట్టె ఇస్తే ఇద్దరు పేరుస్తారు, ఇద్దరు చూస్తారు. అన్ని పెట్టెలు లేకపోతే తరగతిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు కడ్డీలు, ఇంకో జట్టుకు రాతపని ఇవ్వడం నయం.

సోమవారం లెక్క మాటే ఎత్తకూడదు. అరగంట వదిలేయండి. ఇళ్లు కడతారు, రోడ్లు వేస్తారు, ఎవరో ఒకరు 74నూ వరసగా పేర్చి గోడ దాకా తీసుకెళ్తారు (మొత్తం 2 మీటర్ల 80 సెంటీమీటర్లు, కొలిచి చూసుకోవచ్చు). ఇది కాలక్షేపం కాదు. సమాన నిడివి కోసం వెతుక్కునేదెవరో, రంగు నచ్చి మాత్రమే ఏరుకునేదెవరో ఈ అరగంటలోనే బయటపడుతుంది. చీటీ మీద రాసిపెట్టుకుంటే గురువారం జతలు మార్చడానికి పనికొస్తుంది. ఈ రోజు ఆట కత్తిరిస్తే వారమంతా పాఠం మధ్యలో ఇళ్లు కడుతూనే ఉంటారు.

సర్దే పద్ధతి కూడా ఆ రోజే నేర్పాలి. తెలుపు నుంచి నారింజ దాకా పది మెట్లు పేర్చమనండి. పెట్టెలో సరిగ్గా నాలుగు మెట్ల వరసలు వస్తాయి, 18 తెలుపు, 8 ఎరుపు, 6 చిలకపచ్చ, 2 ఊదా మిగులుతాయి. ఏ మెట్టు దగ్గర పన్ను ఊడినట్టు కనిపిస్తే ఆ కడ్డీ బెంచీ కింద ఉన్నట్టే. 74 ఎంచుకుంటూ కూర్చోనక్కర్లేదు.

మంగళవారం ఆ మెట్లతోనే పోలికలు. ప్రతి మెట్టుకూ తేడా ఒక్క తెల్ల కడ్డీయేనని పిల్లలు పెట్టి చూసుకోవాలి. ఇక్కడ జరిగే పొరపాటు ఒక్కటే: కడ్డీల అడుగు కొసలు ఒక వరసలో ఉండవు, దాంతో మెట్లు వంకర. ట్రే అంచుకు ఆనించమంటే తీరిపోతుంది. తర్వాత వీపు వెనక చేతిలో రెండు కడ్డీలు పెట్టి, తడిమి ఏది పొడవో చెప్పమనండి. పసుపు, నారింజ సులువు. నీలం, నారింజ అయితే మొహాలు చూడాలి!

ఈ పెట్టె అసలు సత్తా బుధవారం తెలుస్తుంది. ఆట పేరు రైలు. ఒక కడ్డీ కింద పెట్టి, దానికి సరిసమానంగా వేరే కడ్డీలతో ఎన్ని రకాల రైళ్లు కట్టవచ్చో కట్టాలి. చిలకపచ్చతో మొదలుపెట్టండి: అదే ఒక్కటి, తెలుపు-ఎరుపు, ఎరుపు-తెలుపు, మూడు తెల్లవి. నాలుగు రైళ్లు. ఊదాకు ఎనిమిది. పసుపుకు పదహారు. ఒక్కో మెట్టుకు రెట్టింపవడం పిల్లలకు చెప్పకండి, ఒకరిద్దరు వాళ్లంతట వాళ్లే పట్టుకుంటారు.

ఆట మొదలుపెట్టే ముందు తేల్చాల్సినది, తెలుపు-ఎరుపు, ఎరుపు-తెలుపు రెండు రైళ్లా ఒకటేనా అన్నది. ఏదైనా ఫర్వాలేదు, కానీ తరగతంతా ఒకే మాట మీద ఉండాలి. లేకపోతే ఊదాకు ఒక జత ఎనిమిది అని, పక్క జత ఐదు అని వాదులాడుకుంటుంది. నిజానికి రెండూ సరైనవే.

పెట్టెతో వచ్చే కాగితాల్లో కనబడని చిక్కు ఒకటి ఇక్కడ ఎదురవుతుంది. పసుపుకు పదహారు రైళ్లూ ఒకేసారి పరిచి ఉంచాలంటే 28 తెల్ల కడ్డీలు కావాలి. పెట్టెలో ఉన్నవి 22. ఎర్రవి 12 కావాలి, సరిగ్గా అన్నే ఉన్నాయి. అంటే చివర్లో, పని రక్తికట్టిన వేళ, తెల్లవి అయిపోతాయి. పిల్లలు ముందు కట్టిన రైళ్లు విప్పేస్తారు, ఎన్ని వచ్చాయో లెక్క పోతుంది. ఊదాకు 12 తెల్లవి చాలు. కాబట్టి ఒక్క పెట్టెతో ఊదా దగ్గర ఆగండి, పసుపు కావాలంటే రెండు జతల్ని కలపండి. వరస మారినా ఒకటే అనే నియమం పెట్టుకుంటే పసుపుకు ఏడు రైళ్లే, అప్పుడూ 12 తెల్లవి సరిపోతాయి.

గురువారం అంకెలు దిగుతాయి. తెల్లది 1 అని అప్పుడు చెప్పండి, మిగతావి వాళ్లే చెబుతారు. పైన ఒక నారింజ, దాని కింద గోడలా జతలు: తెలుపు-నీలం, ఎరుపు-గోధుమ, చిలకపచ్చ-నలుపు, ఊదా-ముదురాకుపచ్చ, పసుపు-పసుపు, ఆపైన ఇవే తిరగేసి, మొత్తం తొమ్మిది వరసలు. ప్రతి జత కిందా నారింజ పెట్టాలని చూస్తారు, ఉన్నవి నాలుగే, పైన ఒక్కటి చాలని ముందే చెప్పాలి. తీసివేతకు నారింజ మీద నల్లది ఎడమ అంచు కలిపి పెట్టి, ఖాళీని నింపమనండి. చాలామంది మూడు తెల్లవి పెట్టి ఎంచేస్తారు. "ఒక్క కడ్డీతోనే నింపు" అన్న షరతు పెడితే చిలకపచ్చ చేతిలోకి వస్తుంది. ఇంకో తప్పు, నల్లదాన్ని మీద కాకుండా కొసకు తగిలించడం. అప్పుడది కూడిక అయిపోతుంది. మాటతో సరిదిద్దే బదులు "ఇప్పుడు పొడవైందా, పొట్టిదైందా?" అని అడగడం బాగా పనిచేస్తుంది.

శుక్రవారం పది దాటే కూడికలు. 8+5 తీసుకోండి. గోధుమ, పసుపు కలిపి పెట్టి కింద నారింజ పెడితే పసుపు బయటికి పొడుచుకొస్తుంది. పసుపు తీసి దాని చోట ఎరుపు, చిలకపచ్చ పెట్టించండి. ఎరుపుతో పది నిండింది, చిలకపచ్చ బయట మిగిలింది. పదమూడు అనే మాటలోనే పదీ మూడూ వినిపిస్తాయి కదా, కంటికి కనబడేదీ చెవికి వినబడేదీ ఒకటే అవుతుంది. అందుకే మొదట 13, 14 వచ్చే లెక్కలు ఇచ్చి, పదకొండు, పన్నెండు తర్వాతకి ఉంచడం మంచిది. పదకొండులో ఒకటి, పన్నెండులో పది అంత తేటగా వినబడవు.

రాతపనికి 1 సెం.మీ. గళ్ల కాగితం కావాలి. కడ్డీ పెట్టి గీసి రంగు వేస్తే కొలత అచ్చంగా కుదురుతుంది. ప్రింటు తీసేటప్పుడు కాగితానికి సరిపెట్టే ఎంపిక తీసేసి 100 శాతంలో తీయండి. లేకపోతే గడి కాస్త కుంచించుకుపోయి, నారింజ కడ్డీ పది గళ్లు దాటిపోతుంది.

రెండంకెల సంఖ్యలకు ఈ పెట్టె మీద ఆశ పెట్టుకోవద్దు. నారింజలు నాలుగే, పైగా నారింజను విప్పి పది ఒకట్లు చేయలేం. పుల్లల కట్టకు రబ్బరు తీస్తే పదీ బయటపడతాయి, స్థానవిలువకు అదే మేలు.

రంగుల గుర్తింపులో ఇబ్బంది ఉన్న పిల్లలకు ఎరుపు, గోధుమ, ముదురాకుపచ్చ కలగాపులగం అవుతాయి. "ఎర్రది తీయి" అని కాక "దీనికి సరిపోయేది తీయి" అంటే వాళ్లూ మిగతావాళ్లతో సమానంగా చేస్తారు, పొడవు మోసం చేయదు. ప్లాస్టిక్‌వి తేలిక, కడగవచ్చు, కానీ నున్నటి బల్ల మీద జారతాయి, 15 పెట్టెలు ఒకేసారి కుమ్మరిస్తే చెవులు గింగురుమంటాయి. కింద గుడ్డో, పల్చటి ఫోమ్ షీటో వేస్తే రెండు బాధలూ తగ్గుతాయి. చెక్కవి కుదురుగా కూర్చుంటాయి, కాని తడి తగలనివ్వకూడదు. మూడేళ్లలోపు పిల్లలు తిరిగే చోట తెల్లవాటిని అసలు పెట్టవద్దు, గొంతులో ఇరుక్కునే పరిమాణం.

పోయేవి ఎప్పుడూ తెల్లవే. వారం చివర మెట్లు పేర్చినప్పుడు మిగులు 18కి బదులు 15 వస్తే కంగారు పడనక్కర్లేదు, పసుపు రైలు తప్ప మిగతా పనులకు అవి చాలు. తెల్లవి విడిగా అమ్మితే 50 తీసుకుని ఒక డబ్బాలో టీచర్ బల్ల మీద ఉంచండి. అవి అదే కంపెనీవి అయి ఉండాలి, వచ్చాక మళ్లీ నారింజ పక్కన పది పేర్చి చూడాలి.