గుంట నీళ్ళలో జీవుల్ని గుర్తుపట్టాలంటే ఏది మేలు: ఫోల్డ్‌స్కోపా, కాలేజీ మైక్రోస్కోపా?

గుర్రపుడెక్క వేరు చిన్న ముక్క తుంచి నీటి చుక్కలో పెట్టి చూడండి. సన్న కాడల మీద గంటల్లాంటివి గుంపుగా ఉండి, బల్ల మీద తడితే కాడలు స్ప్రింగుల్లా ముడుచుకుంటే అవి చాలావరకు వోర్టిసెల్లా అనే ఏకకణ జీవులే. వీటిని గుర్తుపట్టడానికి ఏ మైక్రోస్కోపైనా చాలు, పేచీ అంతా మిగతావాటితోనే.

ఫోల్డ్‌స్కోప్ అంటే స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం తయారుచేసిన కాగితం మైక్రోస్కోప్, 2014లో ప్రపంచానికి తెలిసింది. 140 రెట్లు పెద్దగా చూపిస్తుంది. జేబులో వేసుకుని చెరువు గట్టుకే తీసుకెళ్ళొచ్చు, ఫోనుకు తగిలించి వీడియో తీయొచ్చు. పిల్లలకైతే నేను ఇదే కొనమంటాను. కానీ పారమీషియం అనే ఏకకణ జీవి ఒక్కచోట ఉండదు కదా, దాని వెనకాల స్లైడు జరుపుతుంటే ఫోకస్ పోతుంది, ఫోకస్ సరిచేసేలోపు అది పోతుంది.

కాలేజీ ల్యాబుల్లో ఉండే మామూలు మైక్రోస్కోప్ 40, 100, 400 రెట్లు చూపిస్తుంది. నిజానికి నాకు అసలు లాభం ఆ 400 కాదు, వెలుతురు తగ్గించే డయాఫ్రం. ఈ జీవులు గాజు ముక్కల్లా పారదర్శకంగా ఉంటాయి, లైటు పూర్తిగా పెడితే ఏమీ కనపడదు. డయాఫ్రం కొంచెం మూస్తే పారమీషియంలో రెండు చివర్లా నిండుతూ ఖాళీ అవుతూ ఉండే సంకోచ రిక్తికలు (ఎక్కువైన నీటిని బయటికి పంపే సంచులు) 100 రెట్లలోనే తెలుస్తాయి. దాని పరుగు ఆపడానికి కవర్‌స్లిప్ (చుక్క మీద కప్పే పల్చటి గాజు) కింద నాలుగు దూది పోగులు వేయండి, వాటి మధ్య ఇరుక్కుని తిరుగుతుంది. గ్లిజరిన్ వేయమంటారు గానీ కాస్త ఎక్కువైతే జీవి ముడుచుకుపోతుంది, నా ఓటు దూదికే.

పచ్చవాటి దగ్గర ఫోల్డ్‌స్కోప్ చేతులెత్తేస్తుంది. క్లామిడోమోనాస్ అనే పచ్చటి ఏకకణ జీవి దాదాపు 10 మైక్రాన్లే (మిల్లీమీటరులో నూరో వంతు), ఫోల్డ్‌స్కోప్‌లో ఆకుపచ్చ చుక్కలాగే కనిపిస్తుంది. 400 రెట్లలో ముందువైపు రెండు కశాభాలు (ఈదడానికి వాడే కొరడాల్లాంటివి) పట్టుకోవచ్చు. ఇంకో పచ్చ జీవి యూగ్లీనా దానికంటే పొడుగు, ఎర్రటి కంటిచుక్క స్పష్టంగా కనిపిస్తుంది. ఇంకా అనుమానముంటే స్లైడు అంచున అయోడిన్ చుక్క వేయండి: క్లామిడోమోనాస్‌లో పిండిపదార్థం నల్లబడుతుంది, యూగ్లీనా దాచుకునేది వేరే పదార్థం కాబట్టి అలా నల్లబడదు. జీవి మాత్రం చచ్చిపోతుంది, ముందే వీడియో తీసుకోండి.

కాబట్టి ఊరికే చూడ్డానికి కాగితంది, పేరు తేల్చడానికి కాలేజీది. రెండూ కొనే డబ్బు లేకపోతే స్లైడును అటూ ఇటూ మెల్లగా జరిపే మరలున్న సెకండ్‌హ్యాండ్ మైక్రోస్కోప్ ఒకటి వెతకండి.

ఇంకోటి, తల దగ్గర చక్రాలు తిరుగుతున్నట్టు కనిపించి, లోపల దవడలు నములుతుంటే అది రోటిఫర్, ఏకకణ జీవే కాదు. నేను రెండు నెలలు దాన్ని స్టెంటార్ (బాకా ఆకారపు ఏకకణ జీవి) అనుకుని నోట్సు రాసుకున్నాను.