స్టోర్స్ మనిషి చదివిన యుద్ధం: ‘హిమాలయన్ బ్లండర్’

ఈ పుస్తకం 18 ఏళ్లుగా నా దగ్గర ఉంది. అట్ట రంగు వెలిసిపోయింది. వెన్ను రెండుసార్లు ఊడితే రెండుసార్లూ బైండింగ్ చేయించాను. నేను నాలుగుసార్లు చదివాను. ఇంకో పదిమందైనా తీసుకెళ్లి చదివారు, లేదా చదవడం మొదలుపెట్టి తిరిగి ఇచ్చేశారు. కొత్తగా కొనాలనుకునేవాళ్లకు మా అందరి అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు పుస్తకం సంగతి. 1962 చైనా యుద్ధం మొదలైంది నామ్కా చూ అనే వాగు దగ్గర. అప్పటి నేఫా, ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్‌లో భూటాన్ సరిహద్దును ఆనుకుని ఉంటుంది ఆ లోయ. అక్కడ మన 7వ ఇన్‌ఫాంట్రీ బ్రిగేడ్‌కు కమాండర్ బ్రిగేడియర్ జాన్ దల్వీ. అక్టోబర్ 20 తెల్లవారుజామున చైనా ఫిరంగులు మొదలయ్యాయి. కొద్ది గంటల్లో బ్రిగేడ్ చెదిరిపోయింది. 22న దల్వీ చైనావాళ్లకు చిక్కారు. 1963 మేలో విడుదలై వచ్చి, 1969లో ఈ పుస్తకం ప్రచురించారు. నేను చదివింది ఇంగ్లీషులోనే. కన్నడంలోకి రవి బెళగెరె అనువదించారు.

నా సంగతి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే నేను ఈ పుస్తకాన్ని చదివిన తీరు దానివల్లే మారింది. మాది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా సునాబెడ. ఇక్కడి విమాన ఇంజన్ల ఫ్యాక్టరీ 1964లో వచ్చింది, మిగ్-21 ఇంజన్ల కోసం. మా నాన్న విజయనగరం వైపు నుంచి ఆ పనికే వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. నేను అక్కడే స్టోర్స్‌లో 31 ఏళ్లు చేశాను. ఇండెంట్లు, బిన్ కార్డులు, ఇష్యూ వోచర్లు, ఇదే నా బతుకు.

మొదటిసారి చదివినప్పుడు అందరిలాగే కోపంతో చదివాను. నెహ్రూ, అప్పటి రక్షణ మంత్రి కృష్ణ మీనన్, నేఫాలో సైన్యాన్ని నడిపిన జనరల్ కౌల్, ఎవరిది ఎంత తప్పు అన్నదే వెతుక్కున్నాను. పుస్తకం కూడా అలాగే నడిపిస్తుంది. దల్వీ కోపం దాచుకోలేదు. చైనా ఏకపక్షంగా కాల్పుల విరమణ ప్రకటించిన రోజు, 1962 నవంబర్ 21 రాత్రి, టిబెట్‌లో ఒంటరి ఖైదులో నిద్రపోతున్న ఆయనను ఒక చైనా మేజర్ లేపి శుభవార్త అంటూ చెప్పాడట. ఆ రాత్రి కలిగిన అవమానంలోంచే ఈ పుస్తకం పుట్టిందని ముందుమాటలోనే రాసుకున్నారు. అలాంటి మనిషి చల్లగా రాయలేడు. రాయాలని నేను కోరుకోను కూడా.

రెండోసారి చదివినప్పుడు నాకు యుద్ధం కన్నా స్టోర్స్ ఎక్కువ కనిపించింది.

ఒక్కో జవాను దగ్గర 50 తూటాలు. ఒంటి మీద నూలు యూనిఫాం. ఒక దుప్పటి. మా సునాబెడ సుమారు 3 వేల అడుగుల ఎత్తులో ఉంది. డిసెంబర్‌లో తెల్లవారుజాము షిఫ్టుకు వెళ్లాలంటే స్వెటర్ మీద మఫ్లర్ చుట్టుకుంటాం. ఆ మనుషులు అంతకు నాలుగింతలు ఎత్తైన కనుమలు దాటి, నూలు బట్టలతో, తడిసిన బూట్లతో ఆ లోయలోకి దిగారు. తవాంగ్ దాటాక బండ్లు వెళ్లే దారి లేదు. సరుకంతా విమానాల్లోంచి సాంగ్‌ధర్ అనే చోట జారవిడవాలి. అది వాలుగా ఉన్న ఇరుకు జాగా. పడిన మూటల్లో చాలా భాగం లోయల్లోకి దొర్లిపోయేవి. మిగిలినవాటిని పోరాడాల్సిన జవాన్లే వెళ్లి వెతికి, భుజాన మోసుకురావాలి.

స్టోర్స్‌లో పనిచేసిన ఎవరికైనా ఇక్కడ గుండె ఆగుతుంది. కాగితం మీద ఇష్యూ అయిన సరుకు, మనిషి చేతికి అందిన సరుకు ఒకటి కావు. విమానం నుంచి పడేసిన సరుకు లెక్క ఢిల్లీకి వెళ్తుంది. ఢిల్లీలో ఉన్నవాళ్లకు బ్రిగేడ్‌కు సరుకు చేరినట్టే కనిపిస్తుంది. లోయలో ఉన్నవాడి సంచిలో మాత్రం ఏమీ లేదు. దల్వీ ఈ తేడాను పేజీల తరబడి, ఓపిగ్గా, పేరుపేరునా రాశారు. చాలామంది ఈ భాగాన్ని విసుగని దాటేస్తారు. నాకైతే పుస్తకం మొత్తంలో ఇదే ప్రాణం.

మూడోసారి నేను చదవలేదు, చదివి వినిపించాను. సెమిలిగుడలో మాకు దూరపు చుట్టం ఒకాయన ఉండేవారు. సైన్యానికి సరుకులు చేర్చే ఆర్మీ సర్వీస్ కోర్‌లో సుబేదార్‌గా రిటైరయ్యారు. నేను మావయ్యా అనేవాణ్ని. ఆయన ఉద్యోగంలో చేరింది ఈ యుద్ధం తర్వాతే, కానీ తవాంగ్ రోడ్డు మీద లారీ నడిపిన మనిషి. 13,700 అడుగుల సేలా కనుమ మీద తెల్లారి ఇంజన్ స్టార్ట్ కాక ఎంత అవస్థ పడేవారో కథలు కథలుగా చెప్పేవారు. ఇంగ్లీషు అంతగా చదవలేరు కాబట్టి, ఒక చలికాలమంతా సాయంత్రాలు వాళ్ల వరండాలో కూర్చుని నేను తెలుగులో చెబుతూ పోయాను.

నామ్కా చూ దగ్గర మన సైన్యం పెట్టిన ధోలా పోస్టు దగ్గరకు సెప్టెంబర్ 8న చైనా సైనికులు దిగిన ఘట్టం చదివాను. వాళ్లను తరిమెయ్యాలని ఢిల్లీ ఆదేశం ఇచ్చిన ఘట్టం చదివాను. ఆయన ముఖంలో కోపం కనిపిస్తుందేమోనని చూశాను. ఆయన అడిగింది వేరు.

“అదంతా సరే గానీ అల్లుడూ, ఖచ్చర్లు ఎన్ని?”

అంటే కంచరగాడిదలు. తర్వాత, “రేషన్ ఎన్ని రోజులది?” అన్నారు. ఆ తర్వాత, “గాయపడినోణ్ని మొయ్యడానికి మనుషులేరీ?” అన్నారు. ఒక్కో ప్రశ్నకు నేను పేజీలు వెనక్కి తిప్పి వెతకాల్సి వచ్చేది. చాలావాటికి పుస్తకంలో జవాబు ఉంది, అదే ఈ పుస్తకం గొప్ప. ఆ జవాబులు వింటూ ఆయన తల అడ్డంగా ఊపేవారు, అంతే.

మన జవాన్లు వాగు ఒడ్డున, లోయ అడుగున. చైనావాళ్లు పైన థగ్ లా శిఖరం మీద. మా ఊళ్లో పిల్లాడికైనా తెలుస్తుంది, కొండ మీదున్నవాడికి కిందున్నవాడు ఎలా కనిపిస్తాడో. అక్టోబర్ 10న సెంగ్‌జోంగ్ దగ్గర 9 పంజాబ్ బెటాలియన్‌కు చెందిన చిన్న దళం మీద చైనావాళ్లు విరుచుకుపడ్డారు. మనవాళ్లు వీరోచితంగా పోరాడి వెనక్కి తగ్గాల్సి వచ్చింది. అప్పటికే జనరల్ కౌల్ అక్కడే ఉండి కళ్లారా చూశారు. వెంటనే ఢిల్లీ వెళ్లారు. అయినా బ్రిగేడ్‌ను ఆ వాగు నుంచి వెనక్కి తీయలేదు. 12న నెహ్రూ కొలంబో బయల్దేరుతూ, మన భూభాగాన్ని ఖాళీ చేయించమని సైన్యానికి చెప్పామని విలేకరులతో అన్నారు. 17 నుంచి 20 దాకా ఉన్న పేజీలు చదివేటప్పుడు, జరగబోయేది తెలిసినా టెన్షన్ ఆగదు. కౌల్ జబ్బుపడి ఢిల్లీలో మంచం మీద ఉన్నారు. ఇక్కడ వాగులో నీళ్లు తగ్గి, ఎక్కడైనా దాటేలా ఉన్నాయి. ఎదుటివాళ్లు ఫిరంగులు మోహరిస్తుంటే మనవాళ్లకు కనిపిస్తూనే ఉంది.

20న ఆ బ్రిగేడ్‌లోని 2 రాజ్‌పుత్ బెటాలియన్ లెక్క ఇదీ. వాగు దగ్గర ఉన్నవాళ్లు 513 మంది. చనిపోయినవాళ్లు 282. గాయాలతో చిక్కినవాళ్లు 81. గాయాలు లేకుండా చిక్కినవాళ్లు 90. వెనక్కి వచ్చినవాళ్లు 60. అలవాటు కొద్దీ పెన్సిల్ తీసి కూడి చూశాను. లెక్క సరిపోయింది. 31 ఏళ్లలో లెక్క సరిపోయినందుకు ఏడ్చింది ఆ ఒక్కసారే.

ఇక పుస్తకం మీద వచ్చిన అభ్యంతరాలు. అన్నిటికన్నా బలమైనది జయపురంలో ఉండే మా తెలుగు మాస్టారిది. పుస్తకం రెండు నెలలు ఉంచుకుని, మార్జిన్‌లో గీతలు పెట్టి మరీ ఇచ్చారు. “ఇది చరిత్ర కాదయ్యా, ఒక కమాండర్ తనను తాను సమర్థించుకోవడం. ఆ వాగు దగ్గర యుద్ధం చేయలేమని సెప్టెంబర్‌లోనే తెలిసినప్పుడు, అప్పుడే రాజీనామా చేసి బయటకు రావాల్సింది” అన్నారు. ఈ మాట నేను సుబేదార్ మావయ్యకు చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, “ఆయన పోతే ఇంకో బ్రిగేడియర్ వస్తాడు. కుర్రాళ్లు మాత్రం ఆ వాగులోనే ఉంటారు కదా. వదిలేసి ఎలా వస్తాడు?” అన్నారు.

ఈ విషయంలో నేను మావయ్య వైపే. కానీ మాస్టారి ప్రశ్నను కొట్టిపారేయలేను. దల్వీ పైవాళ్ల తప్పులు రాసినంత సూటిగా తన నిర్ణయాల గురించి రాయలేదు. ఆ పేజీల్లో వాక్యాలు బరువెక్కుతాయి, వివరణలు పెరుగుతాయి. కౌల్ చిత్రణ కూడా ఒకవైపే సాగింది. ఆయన 1967లో తన వైపు కథగా ‘ది అన్‌టోల్డ్ స్టోరీ’ రాశారు. దాన్ని పక్కన పెట్టుకుని చదివితే, ఒకే సమావేశం ఇద్దరి జ్ఞాపకాల్లో ఎంత వేరుగా ఉందో తెలుస్తుంది. రెండూ చదివాక కూడా నాకు దల్వీ మాటే ఎక్కువ నమ్మకంగా అనిపించింది. కారణం చిన్నదే. ఆయన అంకెలు చెబుతారు.

ఫ్యాక్టరీలో నాతో పనిచేసిన కుర్ర ఇంజనీరు ఒకడు వైమానిక దళం గురించి తెలుసుకోవాలని తీసుకెళ్లాడు. 1962లో మన యుద్ధ విమానాలను దాడికి వాడలేదు, రవాణాకే వాడారు. ఇంజన్లు చేసే ఊళ్లో ఇది క్యాంటీన్‌లో ఎప్పటికీ తెగని వాదన. పుస్తకం నేల మీద నిలబడ్డవాడి కళ్లతోనే దాన్ని చూస్తుంది కాబట్టి అతనికి తృప్తి కలగలేదు. అలాగే లదాఖ్, రెజాంగ్ లా కోసం చూసేవాళ్లు దీన్ని కొనొద్దు. ఇది ఒక్క బ్రిగేడ్ కథ, ఒక్క వాగు కథ.

మొదటి మూడోవంతు నెమ్మదిగా నడుస్తుంది. 1950లో చైనా టిబెట్‌లోకి రావడం నుంచి 1954 పంచశీల మీదుగా 1959లో సరిహద్దు పోస్టు లాంగ్‌జూ దగ్గర కాల్పుల దాకా రాజకీయం. చెప్పిన మాటే మళ్లీ మళ్లీ వస్తుంది. మా అబ్బాయి అక్కడే ఆపేశాడు. మీరూ అక్కడ ఆగిపోతే, ఆ భాగం వదిలేసి ధోలా పోస్టు దగ్గర మొదలుపెట్టండి, తర్వాత వెనక్కి రండి. సైన్యంలో వాడే పొడి అక్షరాలు చాలా ఉంటాయి. నేను ఒక కాగితం మీద రాసుకుని పుస్తకంలోనే పెట్టుకున్నాను.

మా అమ్మాయి మాత్రం చివరి భాగమే చదివింది. ఏడు నెలల ఖైదు తర్వాత దల్వీ వాళ్లు కలకత్తాలో విమానం దిగినప్పుడు, మర్యాదగా పలకరించినవాళ్ల కళ్లల్లో అనుమానం ఉందట. శత్రువు మీ మనసు మార్చేశాడేమోనని. దేశభక్తులమేనని వాళ్లు రుజువు చేసుకోవాల్సి వచ్చింది. “నాన్నా, యుద్ధం కన్నా ఇదే ఎక్కువ బాధగా ఉంది” అంది. నాకూ అంతే.

నాలుగోసారి చదవడానికి కారణం 2014లో వచ్చింది. ఈ ఓటమి మీద సైన్యం చేయించిన హెండర్సన్ బ్రూక్స్ నివేదికను ప్రభుత్వం ఎప్పుడూ బయటపెట్టలేదు. ఈ యుద్ధం మీద పుస్తకం రాసిన విలేకరి నెవిల్ మాక్స్‌వెల్ ఆ ఏడాది అందులో చాలా భాగం ఇంటర్నెట్‌లో పెట్టారు. బలగం, సరుకు సిద్ధం చేసుకోకుండా ముందుకు పోస్టులు పెట్టుకుంటూ పోయారని అందులోనూ ఉంది. దల్వీ కోపంతో రాసింది, విచారణ అధికారులు ఆఫీసు భాషలో రాశారు. ఆ తర్వాత ఈ పుస్తకం మీద నా గౌరవం ఇంకా పెరిగింది.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. మావయ్య మనవడు అగ్నివీర్ పరీక్షకు చదువుతుంటే ఆన్‌లైన్‌లో వాడికోసం ఒక కాపీ తెప్పించాను. మధ్యలో పదహారు పేజీలు లేవు, మ్యాపు మసిలా అచ్చయింది. తిప్పి పంపి మళ్లీ తెప్పించాల్సి వచ్చింది. మ్యాపు సరిగా లేకపోతే ఈ పుస్తకం చదవలేరు. వాగు ఎటు, శిఖరం ఎటు, సాంగ్‌ధర్ ఎటు అన్నది కళ్ల ముందు ఉండాలి. రాగానే పేజీలు లెక్కపెట్టుకోండి.

మావయ్య పోయి ఆరేళ్లయింది. నా కాపీ చివరి ఖాళీ పేజీలో ఆయన పెన్సిల్‌తో వేసిన లెక్క ఉంది. ఒక బెటాలియన్‌కు రోజుకు ఎన్ని కిలోలు కావాలి, ఒక ఖచ్చర్ ఎంత మోస్తుంది, రాకపోకలకు ఎన్ని రోజులు. అడుగున ఎంత తక్కువ పడిందో రాసి, దాని కింద రెండు గీతలు గీశారు. రెండోసారి బైండింగ్‌కు ఇచ్చినప్పుడు, అంచు కోసేటప్పుడు ఆ అంకెలు ఎక్కడ పోతాయోనని, పని అయ్యేదాకా షాపులోనే నిలబడ్డాను.