కూరగాయలు గిట్టని వాళ్లకు ఏది మేలు: ఒక్కసారి మారడమా, దాచి తినడమా, నంజుకోవడమా?

నలభై ఏళ్లు దాటేదాకా నా భోజనం నాలుగు వస్తువుల మీదే నడిచింది: తెల్లన్నం, ముద్దపప్పు, బంగాళాదుంప వేపుడు, గడ్డపెరుగు. ఆవకాయ సరే సరి. బీరకాయ, సొరకాయ, వంకాయ కంచంలో పడితే మిగతా అన్నం కూడా సహించేది కాదు. ఇంట్లో అందరూ దాన్ని పేచీ అన్నారు. అది పేచీ కాదు. ముద్ద నోట్లో పెట్టుకోగానే గొంతు బిగుసుకుపోయి మింగుడు పడని స్థితి. దాన్ని మొండితనంగా చూసినంతకాలం బయటపడే దారి ఎవరూ చూపించలేరు.

రెండేళ్ల కిందట రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు చక్కెరను చెప్పే లెక్క, 6.1 శాతం వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు మధుమేహానికి ముందు దశగా లెక్క. "అన్నం తగ్గించి కూరలు పెంచండి" అన్నారు డాక్టరు గారు. అన్నం తగ్గించడం ఎలాగో నాకు తెలుసు. నోటికే ఎక్కని కూరలను పెంచడం ఎలాగో తెలియలేదు. ఆ తర్వాత మూడు పద్ధతులు ప్రయత్నించాను. నాలాంటి వాళ్లు ఇంటికొకరు ఉంటారు కాబట్టి వాటిని పక్కపక్కన పెట్టి చెబుతున్నాను.

సోమవారం నుంచి అంతా మార్చేయడం

అందరూ ముందు పట్టేది ఈ దారినే. నేనూ బియ్యం డబ్బా పైకెక్కించి కొర్రలు, ఊదలు తెచ్చాను. పొద్దున మొలకలు, మధ్యాహ్నం కొర్రన్నంతో సొరకాయ కూర, రాత్రి జొన్న రొట్టెతో ఆకుకూర. ఈ పద్ధతికి ఒక బలం ఉంది: రోజూ ఏం తినాలా అని తేల్చుకోవాల్సిన పని ఉండదు. ఏదైనా తినగలిగే మనిషికి, కేవలం అలవాటు కొద్దీ తెల్లన్నం తింటున్నవాళ్లకు ఇది బాగా పనిచేస్తుంది. మా పక్కింటాయన ఇలాగే మారి నిలబడ్డారు.

తిండి దగ్గర సున్నితం ఉన్నవాళ్లకు మాత్రం ఇది సరిపడదు. కంచంలో తెలిసిన వస్తువు ఒక్కటీ లేకపోతే చెయ్యే ముందుకు సాగదు. సగం తిని లేస్తాం, రాత్రి తొమ్మిదింటికి ఆకలి తట్టుకోలేక బిస్కెట్లు తింటాం. పైగా కడుపు కూడా ఎదురు తిరుగుతుంది. పాలిష్ పట్టిన తెల్ల బియ్యంలో 100 గ్రాములకు పీచు 3 గ్రాముల లోపే. జొన్నల్లో, రాగుల్లో అది 10 గ్రాములు దాటుతుంది. ఏళ్ల తరబడి పీచు ఎరగని పొట్టలో ఒక్కసారిగా అంత పడితే ఉబ్బరం, గ్యాస్ తప్పవు. అప్పుడు "చిరుధాన్యాలు నాకు పడవు" అనే ముద్ర మనసులో పడిపోతుంది. తప్పు ధాన్యానిది కాదు, తొందరది. నేను తొమ్మిది రోజులు ఉండగలిగాను.

దాచి తినడం

ఇడ్లీ పిండిలో క్యారెట్ తురుము, చపాతీ పిండిలో పాలకూర ముద్ద, పప్పులో మెత్తగా ఉడికించి మెదిపిన సొరకాయ. కళ్లకు కనబడదు, నాలుకకు పెద్దగా తెలియదు. పీచు, విటమిన్లు మాత్రం లోపలికి వెళతాయి. మొదటి పద్ధతి కంటే ఇది ఎన్నో రెట్లు నయం. నేను ఇప్పటికీ కొన్ని రోజులు ఇలాగే గడుపుతాను.

అయితే ఇందులో రెండు చిక్కులున్నాయి. ఒకటి, నాలుక ఏమీ నేర్చుకోదు. ఏడాది పాటు పాలకూర చపాతీ తిన్నా, పాలకూర కూర ఎదురైతే మళ్లీ మొదటికే వస్తాం. పెళ్లిళ్లలో, ప్రయాణాల్లో, నలుగురితో కూర్చున్నప్పుడు మళ్లీ బంగాళాదుంప కోసం వెతుక్కోవాల్సిందే.

రెండోది ఇంకా పెద్దది: దాచేది ఎవరు? చిన్నప్పుడు మా బంధువుల ఇంట్లో ఒకావిడ నాకు చెప్పకుండా ముద్దపప్పులో వంకాయ మెదిపి పెట్టారు. తిన్నాక నవ్వుతూ చెప్పారు. ఆవిడ ఉద్దేశం మంచిదే. కానీ ఆ తర్వాత కొన్ని నెలల పాటు పప్పంటేనే నాకు అనుమానం పట్టుకుంది. ఉన్న నాలుగింటిలో ఒకటి పోయింది. అందుకే పిల్లలున్న ఇళ్లకు చేతులు జోడించి చెబుతున్నాను: కలపండి, కానీ చెప్పి కలపండి. పెద్దవాళ్లు తమ చేత్తో తాము కలుపుకుంటే ఏ ఇబ్బందీ లేదు.

నంజుకోవడం

నన్ను గట్టెక్కించింది ఇదే. దీన్ని నేర్పింది మా అక్క.

ఒక ఆదివారం వాళ్లింట్లో భోజనానికి కూర్చున్నాను. అక్క రోట్లో బీరకాయ పచ్చడి నూరింది. లేత బీరకాయ చెక్కు, కొన్ని ముక్కలు కలిపి చెంచాడు నూనెలో పచ్చిమిరపకాయలతో మగ్గబెట్టి, జీలకర్ర, చింతపండు వేసి కచ్చాపచ్చాగా నూరి, పైన ఆవాలు, మినప్పప్పు, కరివేపాకు పోపు పెట్టింది. నా కంచంలో పప్పన్నం ఎప్పటిలాగే ఉంది. ఒక పక్కన, శెనగగింజంత పచ్చడి. "కూర తినమని నిన్ను అడగనురా. నీ పప్పన్నం నువ్వు తిను. ఇది నంజుకో, బాగోలేకపోతే వదిలెయ్" అంది. అంతే. మళ్లీ నా వైపు చూడలేదు.

నంజుకున్నాను. పులుపు, కారం, పోపులో వేగిన మినప్పప్పు కరకర ముందు తెలిశాయి. బీరకాయ వాటి వెనక ఎక్కడో ఉంది. రెండోసారి నేనే వేసుకున్నాను. బీరకాయ కూరలో నేను భరించలేనిది ఆ మెత్తటి, నీళ్లోడే ముక్క అని, బీరకాయ రుచి కాదని అప్పుడు అర్థమైంది.

ఈ పద్ధతిలో కిటుకంతా అక్కడే ఉంది. పెద్ద ముద్ద అలవాటైనదే ఉంటుంది, కొత్తది చిటికెడు, కళ్లెదురుగా, వద్దనుకునే హక్కుతో సహా పక్కన ఉంటుంది. పిల్లల మీద జరిగిన పరిశోధనల్లో ఒక కొత్త కూరగాయ నచ్చడానికి ఎనిమిది నుంచి పదిహేను సార్లు దాకా రుచి చూడాల్సి రావచ్చని తేలింది. మనం మాత్రం రెండు సార్లు తిని నచ్చలేదని తీర్పు ఇచ్చేస్తాం. పదిహేను సార్లు కప్పు నిండా కూర తినమంటే ఎవరివల్లా కాదు. పదిహేను సార్లు నంజుకోవడం ఎవరికైనా సాధ్యమే.

పచ్చళ్లలో ఉప్పు, నూనె ఎక్కువ పడతాయన్నది నిజం. రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు ఆవకాయతో, పచ్చడితో కలిపి ఇట్టే దాటిపోతుంది. అందుకే పచ్చడిని గుమ్మంగా చూడాలి. లోపలికి వచ్చాక కూర దగ్గరికి నడవాలి. నేను పచ్చడి తర్వాత బీరకాయ పప్పుకు, ఆ తర్వాత శెనగపప్పు వేసి పొడిగా చేసిన కూరకు వచ్చాను. మూడు నెలలు పట్టింది.

ఇక్కడ కాసేపు వంట గురించి చెప్పాలి, ఎందుకంటే గిట్టకపోవడం సగం వంట వల్లే. బెండకాయ జిగురు మీకు పడదా? ఆ జిగురు తడి తగిలితే సాగుతుంది. కాయల్ని ముందే కడిగి, గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరాక తరగండి. వెడల్పు మూకుడులో మూత పెట్టకుండా వేయించండి. ఉప్పు దించే ముందు వేయండి, ముందే వేస్తే కాయ నీరు వదిలి జిగురు తిరిగి వస్తుంది. కాకరకాయను చక్రాలుగా తరిగి ఉప్పు, పసుపు రాసి అరగంట ఉంచి పిండితే చేదు కొంత ఆ నీటితో పోతుంది. మిగిలిన చేదు నాలుకకు తెలియకుండా కొంత ఉప్పే అణచిపెడుతుంది. అయినా నాకు ఎక్కలేదు, పట్టుపట్టలేదు. క్యాబేజీ, ముల్లంగి కుటుంబపు చేదు కొందరికి పుట్టుకతోనే ఎక్కువగా తెలుస్తుంది, అది జన్యువుల్లో ఉన్న తేడా. అలాంటివాళ్లు క్యాబేజీ తినకపోతే కొంప మునగదు. గోరుచిక్కుడు, తోటకూర, సొరకాయ బజారులో ఉండనే ఉన్నాయి.

ఈ దారిలో లోపం వేగం. ఎనిమిది నెలల్లో నాకు నిలిచిన కూరగాయలు ఐదు. షుగర్ ఇప్పటికే బాగా ఎక్కువగా ఉన్నవాళ్లకు అంత వ్యవధి ఉండదు. వాళ్లు అన్నం సంగతి వెంటనే చూసుకుని, కూరల్ని ఈ నిదానంతో తెచ్చుకోవచ్చు. మందులు వాడుతున్నవాళ్లు మాత్రం అన్నం బాగా తగ్గించే ముందు డాక్టరుకు చెప్పాలి, చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంటుంది.

ఇక అన్నం

ఇందులోనూ మూడు దారులే. కొర్రలకు మారడం, దంపుడు బియ్యానికి మారడం, తెల్లన్నమే తక్కువ తినడం. అన్నం మెత్తగా, పొడిగా, ఘుమఘుమలాడుతూ ఉండాలనే నాలాంటివాళ్లకు మొదటి రెండూ కష్టమే. దంపుడు బియ్యం నమలాల్సి వస్తుంది, కొర్రలు గొంతులో గరగరలాడతాయి. నాకు పనికొచ్చింది రాజేంద్రనగర్ పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకున్న తెలంగాణ సోనా, అంటే అంగట్లో ఆర్‌ఎన్‌ఆర్ 15048 అనే సన్న రకం. దాని గ్లైసీమిక్ సూచి, అంటే తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె, సుమారు 51 అని చెబుతారు, 55 లోపైతే తక్కువ కిందే లెక్క. చూడటానికీ తినడానికీ మామూలు సన్నబియ్యంలాగే ఉంటుంది. కొందరు దుకాణదారులు దీన్ని షుగర్ లేని బియ్యం అంటూ అమ్ముతారు. ఆ మాట నమ్మి రెండు కంచాలు తింటే ఫలితం ఉండదు. పిండిపదార్థం ఇందులోనూ ఉంది.

రాగుల్ని నేను దోసెపిండి ద్వారా తెచ్చుకున్నాను. నాలుగు గరిటెల పిండికి ఒక గరిటె రాగిపిండితో మొదలుపెట్టి, నెలకు కాస్త చొప్పున పెంచాను. దోసె కరకరలాడితే నాకు రంగుతో పేచీ లేదు. చక్కెర వేసి పల్చగా కాచిన రాగిజావ మాత్రం షుగర్ తగ్గించుకోవాలనేవాళ్లకు సరైన ఎంపిక కాదు, అది చాలా త్వరగా అరిగిపోతుంది.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కంచంలో సగం కూరగాయలు, పండ్లు, ఆకుకూరలు, దుంపలు ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు అంటుంది, ఆ లెక్కలో బంగాళాదుంప రాదు. అది చదివిన రోజు నాకు దిగులేసింది, నా లెక్క దాదాపు సున్నా. ఇప్పుడు తోటకూర పప్పు, పొడి కూర, ఒక జామకాయ కలిపి 300 గ్రాముల దగ్గర ఉన్నాను. భోజనంలో ముందు కూర నాలుగు ముద్దలు ఉత్తగా తిని ఆ తర్వాత అన్నం కలుపుకుంటున్నాను. ఇలా తింటే భోజనం తర్వాత చక్కెర అంత ఎత్తుకు ఎగబాకదు.

ఒక్క సంగతి. తినే వస్తువులు నానాటికీ తగ్గిపోతూ, బరువు పడిపోతూ, ముద్ద అడ్డుపడుతుందేమోనని భయపడే పిల్లలూ పెద్దలూ ఉంటారు. వాళ్ల విషయంలో ఈ మూడింటిలో ఏదీ మేలు కాదు, అది వైద్యులు చూడాల్సిన రుగ్మత. బతిమాలి, బెదిరించి తినిపించకండి.

మొన్నటి పరీక్షలో నాకు 5.8 వచ్చింది. ఈ నెల కంచం పక్కన వంకాయ పచ్చడి ఉంటోంది, కాల్చి నూరినది. ఏడుసార్లు నంజుకున్నాను.