లిట్‌మన్ క్లాసిక్ త్రీ: క్యాజువాలిటీ పోస్టింగ్‌కి సరే, ఆ తర్వాతకి?

బీఎస్సీ నర్సింగ్ ఆఖరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌లో క్యాజువాలిటీ డ్యూటీ పడగానే శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు అడిగే మొదటి ప్రశ్న స్టెతస్కోప్ గురించే. చేతిలో ఉన్న చవక స్టెత్‌తో నెట్టుకొచ్చేయాలా, లిట్‌మన్ క్లాసిక్ త్రీ కొనాలా, ఎలాగూ ఐసీయూకే వెళ్తాం కదా అని ఏకంగా అదే కంపెనీ పై మోడల్ కార్డియాలజీ ఫోర్ తీసుకోవాలా? క్లాసిక్ త్రీ దగ్గర ఆగమంటాం. కార్డియాలజీ ఫోర్‌కి దాదాపు రెట్టింపు పెట్టాలి. ఆ పెట్టేదంతా గుండె చప్పుళ్లలోని సన్నటి తేడాల కోసం. క్యాజువాలిటీలో నర్సుకు ముందు కావాల్సింది ఊపిరితిత్తులు, బీపీ.

వస్తువు సంగతి. 27 అంగుళాల ట్యూబు, 150 గ్రాముల బరువు, స్టెయిన్‌లెస్ స్టీల్ చెస్ట్‌పీస్. పెద్ద వైపు పెద్దవాళ్లకు, చిన్న వైపు పిల్లలకు. రెండు వైపులా ఉన్న డయాఫ్రమ్ (పలచటి పొర) నొక్కుడును బట్టి పని చేస్తుంది: తేలిగ్గా ఆనిస్తే మంద్రంగా ఉండే శబ్దాలు, గట్టిగా నొక్కితే సన్నటి శబ్దాలు. కొత్తవాళ్లు చాలామంది ఎప్పుడూ ఒకే తీరుగా నొక్కి, సగం వినకుండానే వదిలేస్తారు.

పురుగుమందు తాగిన కేసు వచ్చిందనుకోండి. మన జిల్లాల్లో ఇది అరుదేం కాదు. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు అయితే విరుగుడుగా అట్రోపిన్ నడుస్తుంటుంది. అట్రోపిన్ సరిపోయిందా లేదా అన్నది కనుపాప చూసి మాత్రమే చెప్పలేం. ఛాతీ తేటపడాలి, పల్స్ 80 దాటాలి, సిస్టోలిక్ బీపీ (పై అంకె) 80 పైన నిలబడాలి, చంకలో చెమట ఆరాలి. ఇందులో ఛాతీ సంగతి చెప్పేది స్టెత్ ఒక్కటే. పెద్ద వైపు గట్టిగా నొక్కి, వీపు వైపు కింది భాగాలు రెండూ వినాలి. బుడబుడలు, పిల్లికూతలు తగ్గుతున్నాయా, అలాగే ఉన్నాయా అని టైముతో సహా చార్టులో రాయాలి. ఒక్క చోటే బుడబుడలు మిగిలిపోతే వాంతి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ఉండొచ్చు. అది అట్రోపిన్‌తో పోయేది కాదు, డాక్టరుకు విడిగా చెప్పాలి. తేలు కుట్టిన పిల్లల్లో ఊపిరితిత్తుల్లో నీరు చేరడాన్ని పట్టుకోవడానికీ ఈ వినికిడి పెద్ద ఆధారం. ఈ పనిలో క్లాసిక్ త్రీకి పూర్తి మార్కులు వేస్తాం.

బీపీ దగ్గర చుట్టూ ఉండే గోల పెద్ద అడ్డంకి. ట్రాలీలు, బంధువుల ఏడుపులు, మానిటర్ల కూతలు. క్లాసిక్ త్రీ మామూలు స్టెత్, బయటి గోలను ఆపే యంత్రం ఇందులో ఉండదు. అందుకే పద్ధతి తప్పకూడదు. ముందు నాడి పట్టుకుని కఫ్ బిగించి, నాడి ఆగిన చోటుకు 30 కలిపి పెంచి, సెకనుకు 2, 3 మిల్లీమీటర్ల చొప్పున దించాలి. చెస్ట్‌పీస్‌ను కఫ్ కిందకి దూర్చడం అన్ని వార్డుల్లోనూ కనిపించే తప్పు: రాపిడి చప్పుడు కలుస్తుంది, నొక్కుడు పెరిగి డయాస్టోలిక్ (కింది అంకె) తక్కువ చూపిస్తుంది. తేలిగ్గా ఆనించండి, చాలు.

ఉద్దానం దగ్గర్లో పనిచేసేవాళ్లకు ఇంకో ఉపయోగం ఉంది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చే కిడ్నీ రోగుల్లో చాలామంది చేతికి డయాలిసిస్ ఫిస్టులా (డయాలిసిస్ కోసం ధమనిని, సిరను కలిపిన చోటు) ఉంటుంది. దాని మీద చిన్న వైపు తేలిగ్గా ఆనించి వింటే ఆగకుండా గాలి వీచినట్టు హోరు వినిపించాలి. ఆ హోరు సన్నగా, విజిల్ లాగా మారి, కొట్టుకున్నప్పుడు మాత్రమే వినబడుతుంటే నరం ఇరుకైందని అనుమానించాలి. హోరు లేదు, చేతికి జలదరింపూ తగలడం లేదు అంటే గడ్డ కట్టి ఉండొచ్చు, ఆ క్షణమే చెప్పాలి. ఆ చేతికి బీపీ కట్టకూడదు, క్యాన్యులా పెట్టకూడదు, రక్తం తీయకూడదు. రోగి స్పృహలో లేనప్పుడు చొక్కా చెయ్యి పైకెత్తి చూడకుండా కఫ్ చుట్టేయడం వల్ల ఫిస్టులాకు ముప్పు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది కాబట్టి, డయాలిసిస్ నర్సింగ్ వైపు వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు ఈ హోరు వినడం ఇప్పుడే చెవికి పట్టించుకోవాలి.

ఎంత మంచి స్టెత్‌తోనైనా చేయకూడని పని ఒకటుంది. రైల్స్ ట్యూబు (ముక్కు నుంచి పొట్టలోకి వేసే గొట్టం) వేశాక గాలి పంపి పొట్ట మీద గుడగుడ విని ‘సరిగ్గా పడింది’ అనడం. ట్యూబు ఊపిరితిత్తుల్లో ఉన్నా అలాంటి చప్పుడు రావచ్చు. ట్యూబు నుంచి లాగిన ద్రవం పీహెచ్ (ఆమ్లత కొలత) 5.5 లేదా అంతకంటే తక్కువ ఉందో చూడాలి, లేదా ఎక్స్‌రే తీయించాలి.

ఇక ముందు దారి. విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీగా (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) వెళ్తే క్లాసిక్ త్రీ సరిపోయి మిగులుతుంది. గర్భిణుల విషయంలో బిడ్డ గుండె వినడానికి మాత్రం ఫీటోస్కోపో డాప్లరో వేరే కావాలి. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగాల పరీక్ష నార్సెట్ లక్ష్యమైతే మిగిలిన డబ్బు టెస్ట్ సిరీస్‌కి పెట్టండి. ప్రిలిమ్స్, మెయిన్స్ అని రెండు మెట్లు, తప్పు జవాబుకు మూడో వంతు కోత. ఏ రోగిని ముందు చూడాలి, అట్రోపిన్ ఎప్పుడు సరిపోయినట్టు లాంటి ప్రశ్నలకు క్యాజువాలిటీలో చూసిందే చదువు. నైట్ డ్యూటీ దిగిన పొద్దున కొత్త చాప్టర్ మొదలెట్టకుండా, రాత్రి చూసిన కేసు తాలూకు పేజీలు మాత్రం తిరగేసి నిద్రపోవడం మంచిది. విదేశాల ఆలోచన ఉంటే ఓఈటీ (వైద్య సిబ్బందికి పెట్టే ఇంగ్లీషు పరీక్ష) ఫీజుకో జర్మన్ క్లాసులకో దాచుకోండి. కార్డియాలజీ ఫోర్ నిజంగా అక్కరకొచ్చేది క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు చేసేవాళ్లకే. అది రెండేళ్ల పీజీ, చేరడానికి ముందు ఏడాది అనుభవం అడుగుతారు. అప్పటికి జీతం చేతికొస్తుంది, అప్పుడే కొనుక్కోవచ్చు.

‘ఏమీ వినబడటం లేదు’ అని తిరిగిచ్చేసే స్టెత్‌లలో చాలావాటికి జబ్బేమీ ఉండదు. చెస్ట్‌పీస్ రెండో వైపుకి తిరిగి ఉంటుంది. డయాఫ్రమ్‌ను వేలితో మెల్లగా తట్టి చూసి, వినబడకపోతే క్లిక్‌మనేదాకా తిప్పండి. చెవి గొట్టాలు ముక్కు వైపు వంగి ఉండాలి, వెనక్కి కాదు. చెవులు నొప్పెడుతుంటే రెండు గొట్టాలనూ పట్టుకుని నెమ్మదిగా విడదీస్తే బిగువు తగ్గుతుంది.

ఒక రోగికీ ఇంకో రోగికీ మధ్య ప్రతిసారీ 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. హ్యాండ్ శానిటైజర్ వద్దు, అందులో కలిపే ఇతర పదార్థాలు భాగాలను పాడుచేస్తాయి. నీళ్లలో ముంచడం, ఆటోక్లేవ్ చేయడం అసలే కూడదు. రోహిణి కార్తె ఎండలో బండి డిక్కీలో వదిలేయకండి.

కొనడానికి విశాఖ కేజీహెచ్ డౌన్‌లోని సర్జికల్ షాపులకు వెళ్తే చెవిలో పెట్టుకుని చూసి తీసుకోవచ్చు. నకిలీలు చాలా తిరుగుతున్నాయి. చెస్ట్‌పీస్ మీద చెక్కిన సీరియల్ నంబరు చూడండి. 2024లో లిట్‌మన్ తయారుచేసే త్రీఎం హెల్త్‌కేర్ విభాగం సోల్వెంటమ్ అనే వేరే కంపెనీ అయింది కాబట్టి పెట్టె మీద ఆ పేరు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. వారంటీ 5 ఏళ్లు, బిల్లు ఫోటో తీసి దాచుకోండి. క్యాజువాలిటీలో స్టెత్ చేతులు మారితే తిరిగి రావడం కష్టం. ట్యూబుకు పేరు ట్యాగ్ కట్టాకే డ్యూటీకి తీసుకెళ్లండి.