నందికొండ: మెట్లెక్కాం, రోడ్డు మీద దిగాం, రెండోదే తప్పయింది

బెంగళూరు వచ్చి పదకొండేళ్ళయినా ఊరి దగ్గరే ఉన్న నందికొండకి, అదే నంది హిల్స్‌కి, నేనెప్పుడూ కారులో వెళ్ళి కారులో రావడమే. మొన్న నెల్లూరు నుంచి మా బావ దిగాడు. "ఈసారి నడిచే వెళ్దాం. అదీ వెళ్ళిన దారిన తిరిగి రాకుండా" అని ఒకటే పట్టు. కింద నంది గ్రామంలో భోగనందీశ్వరుడి గుడి దగ్గర మొదలుపెట్టి, సుల్తాన్‌పేట మెట్ల మీదుగా పైకెక్కి, బండ్లు తిరిగే ఘాట్ రోడ్డున దిగి, కొండ పాదం చుట్టుకుని మళ్ళీ గుడికి చేరాలి. ఫోన్లో గీత గీసి చూపించాడు. ముచ్చటగా గుండ్రంగా ఉంది. ఒప్పుకున్నాను.

శని ఆదివారాలు వద్దనుకుని మంగళవారం సాయంత్రం మెజెస్టిక్‌లో బస్సెక్కి చిక్కబళ్ళాపురం వెళ్ళి పడుకున్నాం. బస్టాండ్‌లో సగం మాటలు తెలుగే వినిపిస్తాయి, భాషతో ఇబ్బంది లేదు. లాడ్జి మాత్రం అంతంతమాత్రం. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి గానీ, ఐదింటికే వేణ్ణీళ్ళన్నవాళ్ళు ఆరున్నర దాకా కుళాయిలో చన్నీళ్ళే ఇచ్చారు. చలికాలం, అందులో చిక్కబళ్ళాపురం! బెంగళూరు ఉత్తరాన యలహంక, హెబ్బాళ వైపు ఉండేవాళ్ళయితే లాడ్జి ఖర్చు దండగ. తెల్లవారుజామున ఇంట్లో బయల్దేరినా సరిపోతుంది.

గుడికి మేం ఇచ్చిన ముప్పావుగంట చాలలేదు. గంటన్నర పెట్టుకోండి. 9వ శతాబ్దంలో మొదలైన గుడి. నొళంబులు, చోళులు, హొయసళులు, విజయనగర రాజులు, ఎవరి కాలంలో వాళ్ళు కొంత కలుపుతూ పోయారు. పక్కపక్కనే అరుణాచలేశ్వరుడు, భోగనందీశ్వరుడు, మధ్యలో ఉమామహేశ్వరుడు. అరుణాచలేశ్వరుడు బాల్యం, భోగనందీశ్వరుడు యౌవనం, కొండమీది యోగనందీశ్వరుడు వైరాగ్యం అని చెప్తారు. ఆ వరసన చూస్తే మా ఎక్కుడు యౌవనం నుంచి వైరాగ్యానికన్నమాట. మోకాళ్ళు ఆ సంగతి తర్వాత చెప్పాయి.

కల్యాణ మండపం నల్లరాతి స్తంభాల దగ్గర బావ కదల్లేదు. వేలెడు వెడల్పు పట్టీలో తీగ, తీగలో ఆకు, ఆకుకి ఈనె కూడా చెక్కారు. వెనక కోనేట్లో నాలుగు పక్కలా మెట్లు, నీళ్ళలో మండపాల నీడ. అప్పటికే పెళ్ళి ఫోటోల జంట ఒకటి వచ్చేసింది. పేరే భోగనందీశ్వరుడు, రాక ఏం చేస్తారు!

సుల్తాన్‌పేట దగ్గర మెట్లు మొదలవుతాయి. అసలు నందికొండ ఇక్కడే ఉంది. ఒక మెట్టు జానెడు, పక్కది మోకాలెత్తు. కొన్నిచోట్ల మెట్టు పోయి బండ మాత్రమే మిగిలింది. వెయ్యి దాటాక నేను లెక్క వదిలేశాను. మెట్ల నడుమ పాదం ఆనే చోట రాయి నూనె రాసినట్టు నున్నగా అరిగిపోయింది, అంచులు మాత్రం ఇంకా గరుకే. వాన పడితే ఆ నున్నటి చోటే జారుతుంది, బూట్లు చూసుకుని రండి. దారిలో నీళ్ళ కొట్టు లేదు. మనిషికి రెండు లీటర్లు మోయక తప్పదు.

కోట గోడ ఎదురైనప్పుడు బావ ఆయాసపడుతూ "దీన్నెవడు గెలిచాడు?" అన్నాడు. హైదర్, టిప్పు గట్టి చేసిన దుర్గం. అన్ని పక్కలా నిట్టనిలువు, పడమర వైపు మాత్రం కాస్త నయం. 1791 అక్టోబరులో కార్న్‌వాలిస్ సైన్యం మూడు వారాలు కష్టపడి గానీ తీసుకోలేకపోయింది. కారులో వచ్చినప్పుడు నాకు ఆ గోడలు ఫోటో వెనక గోడలే. గుండె దడదడలాడుతూ కిందినుంచి చూస్తే, ఇది ఎక్కినవాణ్ణి ఆపడానికే కట్టారని అర్థమైంది.

పైన ఎత్తు 1,478 మీటర్లు. సూర్యోదయం జనం వెళ్ళిపోయారు గనక ప్రశాంతంగా ఉంది. టిప్పు డ్రాప్ అనే నిట్టనిలువు కొండ అంచు దగ్గర పది నిమిషాలు చాలు, అందరూ అక్కడే మూగుతారు. నాకు నచ్చింది అమృత సరోవరం, దాని పక్క చెట్ల నీడ. గాంధీగారు 1927లో ఒంట్లో బాగాలేక ఇక్కడ విశ్రాంతి తీసుకున్నారు. ఈ గాలికి ఎవరికైనా కోలుకోవాలనిపిస్తుంది. యోగనందీశ్వరుడి గుడిలో కింద ఉన్న ఆర్భాటం లేదు. పూజారి, రెండు దీపాలు, చల్లటి బండ.

బావకి మాత్రం పెన్న కావాలి. నెల్లూరు మనిషి కదా. ఈ కొండల్లోనే పుట్టి 597 కిలోమీటర్లు నడిచి మా ఊరు దాటి సముద్రంలో కలిసే పెన్న ఎక్కడుందని ఉత్తరం వైపు గోడెక్కి వెతికాడు. కనిపించింది పొలాలు, ద్రాక్షతోటలు, పొగమంచు. "ఇంత చిన్నప్పుడు ఎట్లా కనబడుద్దిలే" అని తనే సర్దిచెప్పుకున్నాడు. ఆ సందులో కోతి వచ్చి బ్యాగు జిప్పు నెమ్మదిగా, అలవాటైన చేత్తో లాగి పులిహోర పొట్లం పట్టుకుపోయింది. చపాతీలు ముట్టలేదు. దాంతో పైన ఓ హోటల్లో తినాల్సొచ్చింది. కింద ధరకి రెట్టింపు, దోసె చల్లారిపోయింది, కాఫీ ఒక్కటే బాగుంది. తిండి మోసుకెళ్ళండి, జిప్పుకి పిన్నీసు పెట్టండి.

ఇక దిగుడు. ఇక్కడే గుండ్రం గీత మమ్మల్ని ముంచింది. ఘాట్ రోడ్డు బండ్ల కోసం వేసింది. మలుపు మలుపుకీ గోడకి ఒదిగి నిలబడి బైకులకి దారివ్వడమే పని. నీడ తక్కువ, మధ్యాహ్నం తారు వేడి. రెండు మలుపుల దగ్గర లోయ బాగా కనిపించిన మాట నిజం. దానికోసం ఏడెనిమిది కిలోమీటర్లు కాళ్ళు తీపు పెట్టుకోనక్కర్లేదు. మళ్ళీ వెళ్తే మెట్లే దిగుతాను. కాదూ, మోకాళ్ళు భయపెడితే మెట్లెక్కి పైనుంచి బస్సెక్కేస్తాను.

కింద చెక్‌పోస్టు దాటేసరికి బావ మాట్లాడ్డం మానేశాడు. మిగతా చుట్టు ఆటోలో కానిచ్చాం. ఇంత చుట్టూ తిప్పినందుకు అడిగింది న్యాయమైన డబ్బులే. డ్రైవర్‌ది బాగేపల్లి వైపు, మా తెలుగు విని అద్దంలోంచి చూసి అడిగాడు: "అన్నా, మెట్లు ఎక్కినోళ్ళు మెట్లే దిగొచ్చు గదా, ఈ పక్కకి ఎందుకొచ్చినారు?"

నేను బావ వైపు చూశాను. బావ కిటికీలోంచి కొండవైపు చూస్తున్నాడు.