లినక్స్‌లో విండోస్ గ్రాఫింగ్ సాఫ్ట్‌వేర్: తెరుచుకుంటుంది సరే, గ్రాఫ్ బయటికొస్తుందా?

ముందే తేల్చి చెప్పేస్తాను. మీ గ్రాఫింగ్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ అయితే వైన్ (విండోస్ ప్రోగ్రాముల్ని లినక్స్‌లో నడిపించే సాఫ్ట్‌వేర్) చాలు. కొత్త వెర్షన్ అయితే వైన్‌తో కుస్తీ పట్టకుండా నేరుగా వర్చువల్ మెషీన్, అంటే లినక్స్ లోపలే నడిచే పూర్తి విండోస్, పెట్టుకోండి. పాత ప్రాజెక్టు ఫైళ్లేవీ మెడకు చుట్టుకుని లేకపోతే ఈ రెండూ వద్దు, లినక్స్‌లోనే నడిచే ల్యాబ్‌ప్లాట్ అనే గ్రాఫింగ్ ప్రోగ్రాము వేసుకుని హాయిగా ఉండండి. తొందరలో ఉన్నవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, కింద ఉన్నదంతా ఎందుకలా అన్నానో చెప్పడమే.

ఆరిజిన్, సిగ్మాప్లాట్ లాంటి గ్రాఫింగ్ ప్రోగ్రాములు విండోస్ కోసమే తయారైనవి, వాటికి లినక్స్ వెర్షన్ లేదు. మ్యాక్ వాడేవాళ్లకు కూడా ఆరిజిన్ కంపెనీ చెప్పేది వర్చువల్ మెషీన్‌లో విండోస్ పెట్టుకోమనే. వదిలేద్దామంటే కుదరదు. గైడ్ దగ్గర్నుంచి సహరచయితల దాకా అందరూ అదే వాడుతున్నప్పుడు "నేను లినక్స్ మనిషిని, నాకు సీఎస్‌వీ (ఉత్త డేటా ఫైలు) పంపండి" అంటే ఒకటి రెండుసార్లు పంపుతారేమో, ఆ తర్వాత విసుక్కుంటారు. వాళ్లకు కావలసింది అదే ప్రాజెక్టు ఫైల్లో రెండో గ్రాఫ్ యాక్సిస్ మార్చి, ఫిట్ మళ్లీ చేసి, అదే ఫైలు తిరిగి పంపడం.

మొదట వైన్ సంగతి. 1993లో మొదలైన ప్రాజెక్టు, 1.0 అనిపించుకోవడానికి 2008 దాకా పట్టింది. ఇది విండోస్‌ని నడపదు. ప్రోగ్రాము విండోస్‌ని అడిగే ప్రతి పనినీ అక్కడికక్కడే లినక్స్‌కి అర్థమయ్యేలా మార్చి అప్పగిస్తుంది. ప్రోగ్రాములోని లెక్కలు నేరుగా ప్రాసెసర్ మీదే నడుస్తాయి కాబట్టి కర్వ్ ఫిట్టింగ్, స్మూతింగ్, పీక్ ఎనాలిసిస్ లాంటివి విండోస్‌లో ఎంత వేగంగా అవుతాయో ఇక్కడా దాదాపు అంతే. తకరారంతా అంచుల్లో ఉంటుంది. ఫాంట్లు, క్లిప్‌బోర్డు, ప్రింటింగు, లైసెన్సు, వీటిలో ఏదో ఒకటి తప్పకుండా తన్నుతుంది.

నేను వాడేది చాలా పాత 32 బిట్ ప్రోగ్రాము. పేరు చెప్పను, కంపెనీవాళ్లతో మనకెందుకు గొడవ. ఇన్‌స్టాల్ చేసేముందు ఒక్క పని చేయండి, దానికంటూ వేరే ప్రిఫిక్స్ ఫోల్డరు పెట్టండి. అంటే ఆ ప్రోగ్రాముకి మాత్రమే ఒక బుల్లి సీ డ్రైవ్ అన్నమాట. అన్నీ ఒకే ప్రిఫిక్స్‌లో కుక్కితే ఒకదాని కోసం వేసిన లైబ్రరీ ఇంకోదాన్ని పడగొడుతుంది, ఏది దేనివల్ల పోయిందో తేలదు. టెర్మినల్ అంటే పడనివాళ్లకు బాటిల్స్ అనే యాప్ ఈ పనంతా మౌస్‌తో చేసిపెడుతుంది, బాగానే ఉంది. వైన్ వాళ్ల యాప్ డేటాబేస్‌లో మీ ప్రోగ్రాముకి ప్లాటినం నుంచి గార్బేజ్ దాకా ఏ రేటింగ్ ఉందో చూసుకోవచ్చు కానీ, అది ఏ వెర్షన్‌కి, ఎప్పుడు ఇచ్చారో చూడకుండా నమ్మకండి. పదేళ్ల కిందటి గోల్డ్ ఇవాళ దేనికీ పనికిరాదు.

ఇక ఫాంట్లు. ఎక్స్ఆర్‌డీ (ఎక్స్-రే డిఫ్రాక్షన్) గ్రాఫ్ ఒకటి తెరిచాను, కింద యాక్సిస్ మీద టూ తీటా, పక్కన ఇంటెన్సిటీ, కుడివైపు పైన లెజెండ్, ప్రతి పీక్ నెత్తిన దాని ఇండెక్సు. ఏరియల్ ఫాంటు లేదు కాబట్టి దాని బదులు వెడల్పు వేరే ఉన్న ఇంకో ఫాంటు వచ్చి కూర్చుంది. దాంతో లెజెండ్ పెట్టె సాగి పెద్ద పీక్ మీదకు ఎక్కింది, ఇండెక్సులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వైన్‌లోకి అదనపు ఫాంట్లు, లైబ్రరీలు వేసిపెట్టే వైన్‌ట్రిక్స్‌లో కోర్‌ఫాంట్స్ అని ఒక ఆప్షన్ ఉంది, అది వేస్తే ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్, కొరియర్ న్యూ వచ్చేస్తాయి, గ్రాఫ్ మళ్లీ దారిలో పడుతుంది. అంతటితో వదిలేయకండి. పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేశాక టెర్మినల్లో పీడీఎఫ్‌ఫాంట్స్ కమాండ్ కొడితే ఏ ఫాంటు ఫైల్లో ఎంబెడ్ అయిందో, ఏది కాలేదో వరుసగా చూపిస్తుంది. ఎంబెడ్ కాని ఫాంటుతో పేపర్ పంపితే మీ ఆంగ్‌స్ట్రామ్ గుర్తు అవతలివాళ్ల కంప్యూటర్లో ఖాళీ డబ్బా అయ్యే ప్రమాదం ఉంది.

స్క్రీన్ రిజల్యూషన్ ఎక్కువ ఉన్న ల్యాప్‌టాప్‌లో మెనూ అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. వైన్ కాన్ఫిగరేషన్‌లో గ్రాఫిక్స్ ట్యాబ్ తెరిచి 96 డీపీఐని 144 చేస్తే చదవగలుగుతాం, కొన్ని డైలాగుల్లో బటన్లు మాత్రం అంచు దాటిపోతాయి, సర్దుకుపోవాలి.

ఎవరూ చెప్పని ఇంకో తిరకాసు దశాంశ బిందువు. వైన్ ప్రాంతీయ సెట్టింగుల్ని మీ లినక్స్ లొకేల్ (భాష, ప్రాంతం సెట్టింగు) నుంచే తీసుకుంటుంది. జర్మన్ లాంటి లొకేల్ ఉంటే దశాంశానికి చుక్క బదులు కామా ఆశిస్తుంది, అప్పుడు చుక్కలున్న డేటా ఫైలు ఇంపోర్ట్ చేస్తే కాలమ్ మొత్తం టెక్స్ట్ అని కూర్చుంటుంది, గ్రాఫ్ రాదు. ప్రోగ్రాముని అమెరికన్ ఇంగ్లిష్ లొకేల్‌తో మొదలుపెడితే తలనొప్పి పోతుంది.

క్లిప్‌బోర్డు మీద మాత్రం ఆశ వదులుకోండి. విండోస్‌లో గ్రాఫ్ కాపీ చేసి వర్డ్‌లో పేస్ట్ చేసి, డబుల్ క్లిక్ చేస్తే మళ్లీ గ్రాఫింగ్ ప్రోగ్రామే తెరుచుకోవడం అలవాటైపోయినవాళ్లు వైన్‌లో కాపీ చేసి లిబ్రేఆఫీస్‌లో పేస్ట్ చేస్తే అది దొరకదు, మహా అయితే మసకబారిన బొమ్మ వస్తుంది. ఎక్స్‌పోర్టే దారి, అదీ వెక్టర్‌గా (ఎంత పెద్దది చేసినా గీతలు మసకబారని రూపంలో), పీడీఎఫ్ గానీ ఈపీఎస్ గానీ. ఎల్సెవియర్ లాంటి ప్రచురణకర్తలు గీతల బొమ్మకు 1000 డీపీఐ, గీతలూ ఫోటోలూ కలిసినవాటికి 500, ఫోటోలకు 300 అడుగుతారు. వెక్టర్ అయితే గీతలకు ఆ లెక్కే అక్కర్లేదు. విచిత్రం ఏమిటంటే ఈ అలవాటు పడ్డాక విండోస్‌లో కూడా నేను గ్రాఫ్ కాపీ పేస్ట్ చేయడం మానేశాను.

లైసెన్సు దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది. ప్రిఫిక్స్ కొత్తగా చేసిన ప్రతిసారీ ఆ ప్రోగ్రాము "ఇది వేరే కంప్యూటర్" అంటుంది. డబ్బు కట్టి కొన్నవాడిని, సపోర్ట్‌కి రాస్తే వచ్చిన జవాబు ఒక్క ముక్క, లినక్స్‌కి మేం సపోర్ట్ ఇవ్వం అని. యూఎస్‌బీ డాంగిల్ (లైసెన్సు తాళంలా గుచ్చే చిన్న పరికరం) ఉన్న ప్రోగ్రాములైతే వైన్ జోలికే వెళ్లొద్దు, డాంగిల్‌కి విండోస్ కెర్నల్ డ్రైవర్ కావాలి, అది వైన్ వల్ల అయ్యే పని కాదు.

అక్కడే వర్చువల్ మెషీన్ గెలుస్తుంది. లోపల ఉన్నది అసలు విండోసే కాబట్టి ఫాంటు గొడవ లేదు, డాంగిల్‌ని యూఎస్‌బీ పాస్‌త్రూతో లోపలికి పంపొచ్చు. బదులుగా బరువు మోయాలి. విండోస్ 11 కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు, టీపీఎం 2.0 అడుగుతుంది. టీపీఎం (కంప్యూటర్లో ఉండే భద్రతా చిప్) అంటే టెన్షన్ పడకండి, వర్చువల్ మెషీన్లు నడిపే వర్చువల్‌బాక్స్‌లో 7.0 నుంచి వర్చువల్ టీపీఎం ఉంది, లినక్స్ సొంత పద్ధతి అయిన కేవీఎంలో అయితే ఎస్‌డబ్ల్యూటీపీఎం ఆ పని చూసుకుంటుంది. విండోస్ 10తో సరిపెట్టుకుందామంటే దాని మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మొత్తం 8 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో బ్రౌజర్‌తో పాటు ఇది కూడా నడపాలంటే ఉక్కిరిబిక్కిరే, 16 ఉంటే నిశ్చింత. విండోస్ లైసెన్సు వేరే కొనాలని కూడా గుర్తుంచుకోండి, గ్రాఫింగ్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు వర్చువల్ మెషీన్‌లో వాడుకోనిస్తుందో లేదో ఒకసారి చదవండి.

కేవీఎం వాడేవాళ్లు లోపలి విండోస్‌లో విర్ట్ఐఓ అనే వర్చువల్ మెషీన్ డ్రైవర్లు వేయకపోతే డిస్కు నత్తనడక నడుస్తుంది. ప్రతి విండోస్ అప్‌డేట్ ముందూ స్నాప్‌షాట్ (తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి మెషీన్ అప్పటి స్థితి) తీయండి. ప్రాజెక్టు ఫైలుని షేర్డ్ ఫోల్డర్ నుంచి నేరుగా తెరవకుండా లోపలి డిస్కులోకి కాపీ చేసుకుని పనిచేసి, అయ్యాక బయటికి తెచ్చుకోవడం మేలు. విండోస్ డెస్క్‌టాప్ మొహం చూడటం ఇష్టం లేకపోతే విన్‌యాప్స్ అని ఒకటుంది, రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా ఆ ప్రోగ్రాము కిటికీ ఒక్కదాన్నే మీ లినక్స్ డెస్క్‌టాప్ మీద చూపిస్తుంది. ముచ్చటగా ఉంటుంది, కాకపోతే హోమ్ ఎడిషన్‌తో కాదు, ప్రో కావాలి.

మార్కులు వేయాలంటే పాత ప్రోగ్రాములకు వైన్‌కి 5కి 3.5, కొత్తవాటికి 1.5. వర్చువల్ మెషీన్‌కి 4, ఆ ఒక్క మార్కు ర్యామ్ తినేసింది. గ్నూప్లాట్, మ్యాట్‌ప్లాట్‌లిబ్ జోలికి ఇక్కడ వెళ్లను. కోడ్ రాయడం వచ్చినవాళ్లు ఇప్పటికే వాటిలో ఉంటారు, రానివాళ్లకు ఒక గ్రాఫ్ కోసం పైథాన్ నేర్చుకోమని చెప్పడం అన్యాయం.

ల్యాబ్‌ప్లాట్‌కి 3.5. ఇది కేడీఈ వాళ్లది, ఉచితం, మౌస్‌తోనే పని అయిపోతుంది. ఆరిజిన్ పాత ప్రాజెక్టు ఫైళ్లను, అంటే ఓపీజే ఫైళ్లను, తెరుస్తుంది కూడా. డేటా బాగానే వస్తుంది, గ్రాఫ్ అలంకరణ మాత్రం కొంత వస్తుంది, కొంత దారిలో రాలిపోతుంది. అసలు అడ్డంకి ఆరిజిన్ 2018తో వచ్చిన ఓపీజేయూ ఫార్మాట్, ఓపీజే చదివే లైబ్రరీకి అది కొరుకుడు పడదు. అందుకే మీకు ఫైలు పంపేముందు సేవ్ యాజ్‌లో పాత ఓపీజే ఎంచుకోమని సహచరులకు చెప్పండి, వాళ్లకు అర నిమిషం పని. ఓపీజే యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలూ పట్టే) ఫార్మాట్ కాదు కాబట్టి కాలమ్ పేర్లలో గ్రీకు అక్షరాలు పెట్టేవాళ్లుంటే "మ్యూ", "తీటా" అని ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయమనండి.